తుపాకీ ఖర్చు ఒకసారే.. తూటాల ఖర్చు ప్రతి నెలా! 9 ఎంఎం, .40, .45లో ఏ క్యాలిబర్ ఎవరికి?

అమెరికాలో గన్ షాప్‌కి మొదటిసారి వెళ్లినవాళ్లు చూసేది రెండే. తుపాకీ చేతిలో ఎలా ఉంది? దాని రేటెంత? పక్క షెల్ఫుల్లో వరసగా పేర్చి ఉండే తూటాల డబ్బాల మీద చాలామంది చూపు నిలవదు. కానీ అసలు లెక్క మొదలయ్యేది అక్కడే. తుపాకీని కొనేది ఒక్కసారి. తూటాలు మాత్రం దాన్ని వాడినన్నాళ్లూ కొంటూనే ఉండాలి. రెండేళ్లు తిరిగేసరికి తుపాకీ రేటుకు సమానంగా, ఒక్కోసారి అంతకు మించి తూటాలకే పోతుంది. పోనీ ఖర్చవుతోంది కదా అని ప్రాక్టీస్ మానేస్తే? అది ఇంకా ప్రమాదం. గురి లేని తుపాకీ ఇంట్లో ఉన్నా, షాపులో ఉన్నా అవతలివాళ్ల కంటే మనవాళ్లకే ఎక్కువ భయం.

టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడ గ్యాస్ స్టేషన్లు, కన్వీనియెన్స్ స్టోర్లు నడిపే మనవాళ్లూ ఉన్నారు. గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ వచ్చాక తుపాకీ కొనాలా వద్దా అనే చర్చ కొన్ని ఇళ్లల్లో నడుస్తూనే ఉంటుంది. కొనాలి అనుకున్నాక వచ్చే మొదటి ప్రశ్న క్యాలిబర్. 9 ఎంఎం తీసుకోవాలా? .40 తీసుకోవాలా? పెద్దది బెటర్ కదా అని .45కి వెళ్లాలా? ఈ మూడింటి మధ్య తేడా ఏంటి, జేబుకి పడే భారం ఎంత అనేది సింపుల్‌గా చూద్దాం.

ముందు మీ వీసా స్టేటస్ చూసుకోండి

క్యాలిబర్ గురించి మాట్లాడే ముందు ఒక ముఖ్యమైన విషయం. హెచ్1బీ, ఎఫ్1, ఎల్1, హెచ్4, విజిటర్ వీసా.. ఇలా నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద అమెరికా వెళ్లినవాళ్లకి ఈ చర్చే వర్తించదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. మళ్లీ చదవండి.. తూటా కూడా. జేబులో ఒక్క తూటా ఉన్నా అది నేరమే.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువగా వినిపించేది హంటింగ్ లైసెన్స్. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే ఫెడరల్ నిషేధం నుంచి మినహాయింపు దొరుకుతుంది. కానీ రాష్ట్రాల రూల్స్ వేరేగా ఉంటాయి. లైసెన్స్ గడువు అయిపోయిన మరుసటి రోజు నుంచే మినహాయింపు పోతుంది. కాబట్టి ఫ్రెండ్ చెప్పాడనో, వీడియోలో చూశాననో ముందుకెళ్లకుండా లాయర్‌ని అడగాల్సిందే.

చాలామంది స్టూడెంట్స్‌కి తెలియని విషయం ఇంకొకటి ఉంది. షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీతో కాల్చినా అది చేతిలో ఉన్నంతసేపూ మీ అధీనంలో ఉన్నట్టే లెక్క. 'నాది కాదు, అద్దెది' అంటే కుదరదు. పైగా ఆ ఫొటోలు ఇన్‌స్టాలో పెడితే సాక్ష్యం మనమే ఇచ్చినట్టు. ఈ నేరం రుజువైతే 15 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. 2022లో తెచ్చిన చట్టంతో గరిష్ఠ శిక్ష 10 నుంచి 15 ఏళ్లకు పెరిగింది. దేశం నుంచి పంపించేయడానికి కూడా ఇది కారణం అవుతుంది. 8 రూపాయలో, 20 రూపాయలో విలువ చేసే ఒక్క తూటా కోసం ఏళ్ల కష్టం పోగొట్టుకోవాల్సి వస్తుందన్నమాట.

ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డ్, ఇంకొకరికి వీసా ఉంటే? గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం కొనుక్కోవచ్చు. కానీ అదే ఇంట్లో వీసా మీద ఉన్న మనిషి చేతికి అందేలా ఆ తుపాకీ, తూటాలు ఉంటే చిక్కే. తాళం ఒకరి దగ్గరే ఉండాలి. ఇలాంటి ఇళ్లల్లో కొనడానికి ముందే లాయర్ సలహా తప్పనిసరి.

అసలు క్యాలిబర్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే బుల్లెట్ మందం. 9 ఎంఎం అంటే బుల్లెట్ వ్యాసం దాదాపు 9 మిల్లీమీటర్లు. .45 అంటే అంగుళంలో నూటికి 45 వంతులు, అంటే 0.45 అంగుళం. మిల్లీమీటర్లలో 11.4 పైచిలుకు. .40 ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, 10 మిల్లీమీటర్లు కాస్త అటూ ఇటూగా. యూరప్‌లో పుట్టిన తూటాలకి ఎక్కువగా మిల్లీమీటర్ల పేర్లు, అమెరికాలో పుట్టిన వాటికి ఎక్కువగా అంగుళాల పేర్లు. అంతే తేడా.

మనం మామూలుగా బుల్లెట్ అంటే మొత్తం తూటా అనుకుంటాం. నిజానికి తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు ఉండే సీసపు ముక్క బుల్లెట్. దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం కేస్. లోపల మందు. అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్. ట్రిగ్గర్ నొక్కితే పిన్ ప్రైమర్‌ని కొడుతుంది, మందు అంటుకుంటుంది, ఆ గ్యాస్ ఒత్తిడికి బుల్లెట్ బయటికి దూసుకెళ్తుంది. రేటు తేడా అర్థం కావాలంటే ఈ నాలుగూ గుర్తుంచుకోవాలి.

ఇక్కడే ఒక పెద్ద తికమక ఉంది. .380 ఏసీపీ, 9 ఎంఎం, .38 స్పెషల్, .357 మాగ్నమ్.. ఈ నాలుగు బుల్లెట్ల మందం దాదాపు ఒకటే. కానీ కేస్ పొడవు, లోపల ఒత్తిడి వేరు. 9 ఎంఎం కేస్ పొడవు 19 మిల్లీమీటర్లు. .380 కేస్ 17 మిల్లీమీటర్లు. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెడితే తుపాకీ పాడవ్వొచ్చు, చేతికే గాయం కావొచ్చు. బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో, తూటా అడుగున ఏం రాసి ఉందో ఆ రెండూ కలవాలి. ఒక్క మినహాయింపు.. .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు వాడొచ్చు. దీనికి ఉల్టా మాత్రం చేయకూడదు.

మూడు క్యాలిబర్లు.. మూడు కథలు

9 ఎంఎం వయసు 120 ఏళ్ల పైనే. జర్మనీలో జార్జ్ లూగర్ 1902లో దీన్ని తయారుచేశారు. నాటో కూడా పిస్టళ్లకి దీన్నే స్టాండర్డ్‌గా పెట్టుకుంది. మామూలు బుల్లెట్ బరువు 115 గ్రెయిన్లు, అంటే దాదాపు 7.5 గ్రాములు. తూటాల బరువు కొలిచే గ్రెయిన్ చాలా చిన్న కొలత. దాదాపు 15 గ్రెయిన్లు కలిస్తే ఒక గ్రాము.

.45 ఏసీపీ అమెరికా బ్రాండ్. ఫిలిప్పీన్స్ యుద్ధంలో .38 రివాల్వర్లు సరిగా పనిచేయడం లేదని అమెరికా సైన్యం పెద్ద బుల్లెట్ కావాలంది. జాన్ బ్రౌనింగ్ .45 తయారుచేశారు. 1911 నుంచి 1985 దాకా అమెరికా సైన్యం పిస్టల్ ఇదే. బుల్లెట్ బరువు 230 గ్రెయిన్లు, దాదాపు 15 గ్రాములు. అంటే 9 ఎంఎంకి సరిగ్గా డబుల్. 1985లో సైన్యం కూడా దీన్ని పక్కనపెట్టి 9 ఎంఎంకి మారిపోయింది.

.40 వెనకాల ఒక విషాదం ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగల్ని 8 మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు చుట్టుముట్టారు. కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. మొదట్లోనే ఒక దొంగకి తగిలిన 9 ఎంఎం బుల్లెట్ చేతిలోంచి ఛాతీలోకి వెళ్లి, గుండెకి కాస్త దూరంలో ఆగిపోయింది. ఆ తర్వాత కూడా అతను కాలుస్తూనే ఉన్నాడు. బుల్లెట్ చిన్నదవడం వల్లే ఇలా జరిగిందని ఎఫ్‌బీఐ భావించింది. మొదట 10 ఎంఎం చూసింది. దాని వెనక్కి తన్నే దెబ్బ చాలామంది ఏజెంట్లకి ఎక్కువైంది. దాంతో 1990లో స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కంపెనీలు కలిసి .40ని తెచ్చాయి. అమెరికా పోలీసుల్లో చాలామంది దాని వైపు వెళ్లారు.

మరి ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకి ఎందుకొచ్చింది?

పాతికేళ్లు తిరిగేసరికి సీన్ రివర్స్ అయింది. మయామీ ఘటన తర్వాత ఎఫ్‌బీఐ తూటాలకి ఒక పరీక్ష పెట్టింది. మనిషి కండరంలా ఉండే జెల్ దిమ్మలోకి బుల్లెట్ కనీసం 12 అంగుళాలు వెళ్లాలి, 18 అంగుళాలు దాటకూడదు. ఆ పరీక్ష పాస్ అవ్వడానికి కంపెనీలు బుల్లెట్ డిజైన్ మార్చుకుంటూ వచ్చాయి. 2014కి వచ్చేసరికి మంచి రకం 9 ఎంఎం తూటాలు .40, .45తో సమానంగా ఆ పరీక్ష పాస్ అవుతున్నాయని ఎఫ్‌బీఐ ట్రైనింగ్ విభాగం తేల్చింది.

ఆ నివేదికలో అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. నిజమైన కాల్పుల్లో పోలీసులు పేల్చే బుల్లెట్లలో 70 నుంచి 80 శాతం గురి తప్పుతున్నాయట! ట్రైనింగ్ తీసుకున్న పోలీసుల పరిస్థితే ఇది. తగలని .45 కంటే తగిలిన 9 ఎంఎం నయం కదా? 9 ఎంఎంతో ఎక్కువమంది వేగంగా, గురిగా కాల్చగలుగుతున్నారని కూడా ఎఫ్‌బీఐ చెప్పింది. 2016లో 9 ఎంఎం గ్లాక్ పిస్టళ్లకి కాంట్రాక్ట్ ఇచ్చింది. 2017లో అమెరికా సైన్యం కొత్త పిస్టల్ ఎంచుకున్నప్పుడు కూడా 9 ఎంఎంలోనే తీసుకుంది.

బలం లెక్క కూడా చూద్దాం. మామూలు 9 ఎంఎం బుల్లెట్ సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళ్తుంది. .45 బరువు ఎక్కువ, వేగం తక్కువ.. సెకనుకు 255 మీటర్లు. శక్తి చూస్తే రెండూ 450 నుంచి 480 జౌల్స్ మధ్యే. .40 కాస్త ఎక్కువ, 525 దాకా. అంటే పెద్ద బుల్లెట్‌కి శక్తి రెట్టింపు ఉంటుందనుకుంటే అది అపోహే. కానీ మన చేతికి తగిలే కుదుపు మాత్రం వేరు. ఒకే బరువున్న తుపాకుల్లో .45 కుదుపు 9 ఎంఎంకి దాదాపు ఒకటిన్నర రెట్లు. కుదుపు ఎక్కువైతే మళ్లీ గురి పెట్టడానికి టైమ్ పడుతుంది. కొత్తవాళ్లయితే దెబ్బకి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందే చెయ్యి బిగించేస్తారు. గురి అక్కడే పోతుంది.

మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయన్నది ఇంకో పాయింట్. గ్లాక్ 19లో 9 ఎంఎం తూటాలు 15 పడతాయి. అదే సైజు గ్లాక్ 23లో .40 తూటాలు 13 మాత్రమే. .45 గ్లాక్ 21 వీటికంటే పెద్ద తుపాకీ, అయినా 13 దగ్గరే ఆగిపోతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో 10కి మించిన మ్యాగజైన్లకి అనుమతి లేదు. కాబట్టి అక్కడున్నవాళ్లకి ఈ తేడా లెక్కలోకి రాదు.

తూటా రేటు ఎందుకు మారుతుంది?

మొదటి కారణం లోహం. ఒక్క .45 బుల్లెట్‌కి పట్టే బరువుతో రెండు 9 ఎంఎం బుల్లెట్లు చేయొచ్చు. కేస్‌కి ఇత్తడి కూడా ఎక్కువ కావాలి. రాగి, సీసం రేట్లు పెరిగితే పెద్ద తూటా మీద ఆ ప్రభావం ఎక్కువ పడుతుంది.

కానీ లోహం ఒక్కటే కారణమైతే .380 అన్నింటికంటే చౌకగా ఉండాలి కదా? అది 9 ఎంఎం కంటే చిన్నది. అయినా రేటు 9 ఎంఎం కంటే ఎక్కువే! ఇదే రెండో కారణం.. తయారీ సంఖ్య. సైన్యాలు, పోలీసులు, పౌరులు అందరూ వాడేది 9 ఎంఎం కాబట్టి ఫ్యాక్టరీలు దాన్ని రాత్రీపగలూ తయారుచేస్తాయి. పోటీ ఎక్కువ, రేటు తక్కువ. .380 లాంటివి తక్కువగా తయారవుతాయి. మన దగ్గర సీజన్‌లో బండెడు వచ్చే కూరగాయ చౌక, ఎప్పుడో గంపెడు వచ్చేది ఖరీదు.. ఇదీ అంతే.

మూడో కారణం పన్ను. అమెరికాలో 1937 నాటి చట్టం ప్రకారం తూటాల మీద 11 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంది. ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి వెళ్తుంది. ఇది తయారీ దగ్గరే పడుతుంది కాబట్టి బిల్లులో కనపడదు, రేటులోనే కలిసిపోతుంది. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి రాష్ట్రం తరఫున మరో 11 శాతం మొదలైంది. అంటే ఒకే డబ్బా టెక్సాస్‌లో ఒక రేటు, కాలిఫోర్నియాలో ఇంకో రేటు.

ఇప్పుడు అసలు లెక్క!

నెలకి ఒకసారి రేంజ్‌కి వెళ్లి 100 తూటాలు కాల్చే మనిషిని తీసుకుందాం. ఏడాదికి 1,200. మామూలు ప్రాక్టీస్ తూటాలకి ఇటీవలి సంవత్సరాల్లో నడుస్తున్న రేట్లకి దగ్గరగా ఈ అంకెలు పెట్టుకుందాం.

.22 ఎల్ఆర్: ఒక్కోటి 8 సెంట్లు.. ఏడాదికి 96 డాలర్లు
9 ఎంఎం: ఒక్కోటి 25 సెంట్లు.. ఏడాదికి 300 డాలర్లు
.40: ఒక్కోటి 35 సెంట్లు.. ఏడాదికి 420 డాలర్లు
.380: ఒక్కోటి 38 సెంట్లు.. ఏడాదికి 456 డాలర్లు
.45: ఒక్కోటి 45 సెంట్లు.. ఏడాదికి 540 డాలర్లు

డాలర్‌ని 85 రూపాయలుగా లెక్కేస్తే 9 ఎంఎంకి ఏడాదికి 25,500 రూపాయలు. .45కి 45,900. ఐదేళ్లకి చూస్తే 9 ఎంఎం 1,500 డాలర్లు, .45 2,700 డాలర్లు. తేడా 1,200 డాలర్లు. ఆ డబ్బుతో మామూలు పిస్టళ్లు ఇంకో రెండు వచ్చేస్తాయి. భార్యాభర్తలిద్దరూ ప్రాక్టీస్ చేస్తే ఈ అంకెలన్నీ డబుల్. రేంజ్ ఫీజు దీనికి అదనం. ఒక్కసారికి 20 డాలర్లు అనుకున్నా ఏడాదికి 240 అవుతుంది. ఫీజు మాత్రం ఏ క్యాలిబర్‌కైనా ఒకటే.

ఇదే లెక్క తిప్పి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఏడాదికి 300 డాలర్లే పెట్టగలను అనుకోండి. 9 ఎంఎంతో 1,200 సార్లు కాల్చొచ్చు. .45తో 666 సార్లే. అంటే అదే డబ్బుకి ప్రాక్టీస్ దాదాపు సగానికి పడిపోతుంది. ఒకవైపు కుదుపు ఎక్కువ ఉన్న తుపాకీ, ఇంకోవైపు దానికి తక్కువ ప్రాక్టీస్. నష్టం రెండువైపులా.

ప్రాక్టీస్ తూటా వేరు.. రక్షణ తూటా వేరు

పైన చెప్పిన రేట్లు ఫుల్ మెటల్ జాకెట్ తూటాలవి. సీసం చుట్టూ రాగి తొడుగు ఉంటుంది. పేపర్ టార్గెట్‌కి ఇవి చాలు. ఇంటి రక్షణకి ఎక్కువమంది పెట్టుకునేది హాలో పాయింట్. దీని ముక్కు దగ్గర గుంట ఉంటుంది. తగలగానే పువ్వులా విచ్చుకుని లోపలే ఆగుతుంది. జాకెట్ బుల్లెట్ అయితే మనిషిని దాటి వెనక గోడలోంచి పక్క గదిలోకి వెళ్లే ప్రమాదం ఎక్కువ. అమెరికా ఇళ్ల లోపలి గోడలు చెక్క ఫ్రేమ్‌కి కొట్టిన పలుచటి షీట్లే. అక్కడ ఇది మామూలు విషయం కాదు. హాలో పాయింట్ అయినా సరే గురి తప్పితే గోడలు దాటుతుంది. పక్క గదిలో పిల్లలుంటే ఏ క్యాలిబరూ సేఫ్ కాదు.

హాలో పాయింట్ ఒక్కోటి డాలర్ దగ్గరలో ఉంటుంది. దాంతోనే రోజూ ప్రాక్టీస్ అక్కర్లేదు. కానీ కొనగానే మ్యాగజైన్‌లో నింపి పక్కన పెట్టేయకూడదు. కొన్ని పిస్టళ్లలో ఆ ముక్కు ఆకారం వల్ల తూటా ఇరుక్కుంటుంది. కనీసం 50 కాల్చి చూస్తే మీ తుపాకీకి పడుతుందో లేదో తెలుస్తుంది. 9 ఎంఎం అయినా .45 అయినా ఈ ఖర్చు తప్పదు.

చౌక తూటాలు కొనొచ్చా?

కొనొచ్చు, కానీ చూసి కొనాలి. ఇత్తడి బదులు స్టీల్ లేదా అల్యూమినియం కేస్ ఉన్నవి తక్కువకి వస్తాయి. స్టీల్ వాటిని కొన్ని రేంజ్‌లు లోపలికి రానివ్వవు. ముందే ఫోన్ చేసి కనుక్కుంటే డబ్బా వృథా కాదు. ఒకప్పుడు చౌక స్టీల్ తూటాలంటే రష్యావే. వాటి దిగుమతికి కొత్త పర్మిట్లు ఇవ్వబోమని అమెరికా ప్రకటించింది. 2021 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది.

వాడేసిన కేస్‌లో మళ్లీ మందు నింపి అమ్మేవి ఇంకో రకం. చాలా తుపాకీ కంపెనీలు వీటిని వాడితే వారంటీ వర్తించదంటాయి. నాలుగు సెంట్లు మిగులుతాయని 600 డాలర్ల తుపాకీ వారంటీ పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు డబ్బా రేటు చూడకండి. షిప్పింగ్, ట్యాక్స్ అన్నీ కలిపి తూటా ఒక్కింటికి ఎంత పడుతుందో లెక్కేయండి. ఒక డబ్బాలో 50 ఉంటాయి, ఇంకోదాంట్లో 20 ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం.

2020 నేర్పిన పాఠం

కరోనా ఏడాదిలో అమెరికన్లు తుపాకీ షాపులకి క్యూ కట్టారు. 2020లో తుపాకులకి సంబంధించిన బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు రికార్డు స్థాయిలో దాదాపు 3.97 కోట్లకి చేరాయి. అదే ఏడాది పెద్ద తూటాల కంపెనీ రెమింగ్టన్ దివాలా తీసింది. షెల్ఫులు ఖాళీ అయ్యాయి. అంతకుముందు 20 సెంట్ల లోపు దొరికిన 9 ఎంఎం 2021 మొదట్లో మూడు రెట్లు దాటింది. ఒక్కోటి 75 సెంట్లు అనుకుంటే, మనం పైన వేసిన ఏడాది లెక్క 300 నుంచి 900 డాలర్లకి వెళ్లిపోతుంది!

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే.. కొరత వచ్చినప్పుడు బాగా వాడే క్యాలిబర్లు ముందు మాయమవుతాయి. ఫ్యాక్టరీలు మళ్లీ మొదట తయారుచేసేది కూడా వాటినే. అరుదైన క్యాలిబర్ వాడేవాళ్లు ఇంకా ఎక్కువ రోజులు ఎదురుచూడాల్సి వస్తుంది. రేటు తక్కువున్నప్పుడు మూడు నాలుగు నెలలకి సరిపడా తెచ్చుకుంటే చాలు. తేమ లేని చోట, తాళం వేసి పెడితే ఏళ్ల తరబడి పాడవవు.

తక్కువ ఖర్చుతో చెయ్యి తిరగాలంటే?

మొదటి దారి .22. చిన్న తూటా, కుదుపు దాదాపు ఉండదు. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలు దీంతోనే జరుగుతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పోటీపడింది 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్‌లోనే. గురి, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కే పద్ధతి నేర్చుకోవడానికి దీనికి మించింది లేదు. నెలకి 100లో 70 .22తో, 30 9 ఎంఎంతో కాలిస్తే 25 డాలర్లకి బదులు 13 డాలర్ల పది సెంట్లే అవుతుంది. ఏడాదికి 143 డాలర్ల దాకా మిగులు. కానీ .22 పిస్టల్ కొనడానికే 350 డాలర్లు పెట్టాలి. ఒక్కరే వాడితే ఆ డబ్బు రాబట్టడానికి రెండేళ్లు దాటుతుంది. ఇద్దరు వాడితే ఏడాదిన్నర లోపే వచ్చేస్తుంది. రక్షణకి మాత్రం .22 మీద ఆధారపడటం కష్టం. దీంట్లో ప్రైమర్ మందు కేస్ అంచులో ఉంటుంది, పేలకుండా ఆగిపోవడం మిగతావాటి కంటే ఎక్కువ.

రెండో దారికి పైసా ఖర్చు లేదు. డ్రై ఫైర్.. అంటే తూటా లేకుండా ప్రాక్టీస్. తూటాలన్నీ వేరే గదిలో పెట్టేసి, తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, సురక్షితమైన గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం. కుదుపుకి భయపడే అలవాటు పోవడానికి ఇది బాగా పనిచేస్తుంది. కొన్ని తుపాకులకి, ముఖ్యంగా .22 రకాలకి ఇది పడదు. మాన్యువల్ చూశాకే చేయాలి.

రేంజ్‌లో చెవులకి రక్షణ తప్పనిసరి. పిస్టల్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క రోజులోనే వినికిడి దెబ్బతినొచ్చు. తూటాల్లో సీసం ఉంటుంది కాబట్టి రేంజ్ నుంచి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ బట్టలతో చిన్నపిల్లల్ని ఎత్తుకోకూడదు.

ఇండియాకి వచ్చేటప్పుడు జాగ్రత్త

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌నే ప్రయాణానికి వాడేవాళ్లు ఉంటారు. ఏ జిప్ అరలోనో ఒక తూటా ఉండిపోతుంది. శంషాబాద్‌లో స్కానర్ కింద అది బయటపడితే ఆయుధ చట్టం 1959 కింద కేసు. లైసెన్స్ లేకుండా తూటా ఉండటమే నేరం. మర్చిపోయానని చెప్పి బయటపడటానికి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. రేంజ్ బ్యాగ్ రేంజ్‌కే, సూట్‌కేస్ ప్రయాణానికే.. ఈ ఒక్క అలవాటు చాలు.

ఇంకో విషయం. అమెరికాలో వీధి షాపులో దొరికే 9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్. మామూలు పౌరులకి లైసెన్స్ మీద దొరికేది ఎక్కువగా .32 రివాల్వర్లు, పిస్టళ్లు. ఎన్ని తూటాలు కొనాలన్నది కూడా లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. ఇక్కడ క్యాలిబర్ ఎంపిక మన చేతిలో పెద్దగా ఉండదు, చట్టమే తేల్చేస్తుంది.

చివరిగా.. ఎవరికి ఏది?

మొదటిసారి కొంటున్నవాళ్లు, ఇంట్లో ఇద్దరు వాడాలనుకునేవాళ్లు 9 ఎంఎం దాటి వెళ్లాల్సిన అవసరం పెద్దగా లేదు. కుదుపు భరించగలిగేలా ఉంటుంది, తూటా ఎక్కడైనా దొరుకుతుంది, ఖర్చు తక్కువ. పోలీసులు అమ్మేసిన .40 తుపాకులు సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తుంటాయి. వాటిని చూసి టెంప్ట్ అయ్యే ముందు ఏడాదికి 120 డాలర్ల తేడా గుర్తుచేసుకోండి. కొనేటప్పుడు మిగిలిన 200 డాలర్లు రెండేళ్లలోపే తూటాల్లో కరిగిపోతాయి. .45 ఇష్టపడేవాళ్లకి దాని చరిత్ర, పెద్ద తుపాకీ చేతిలో ఉన్న ఫీల్ వేరు. బడ్జెట్ ఉండి, క్రమం తప్పకుండా ప్రాక్టీస్ చేసేవాళ్లయితే తప్పేం లేదు. చేతుల్లో బలం తక్కువున్నవాళ్లు .380 చూడొచ్చు, కానీ మరీ చిన్న తుపాకీలో .380 కూడా గట్టిగానే తంతుంది. కొనే ముందు రేంజ్‌లో రెండు మూడు రకాలు అద్దెకి తీసుకుని కాల్చి చూడటం మంచిది.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. 'ఈ క్యాలిబర్‌తో నెలకి 100 తూటాలు, ఏడాది పొడవునా కాల్చగలనా?' జవాబు అవును అయితే అది మీ క్యాలిబర్. కాదు అయితే కిందికి దిగండి. .22కి కూడా కాదు అనిపిస్తే తుపాకీ కొనే ఆలోచనే మళ్లీ ఒకసారి చేయడం మంచిది. ప్రాక్టీస్ లేని చేతిలో ఏ తుపాకీ అయినా ఇంటికి ముప్పే. కొన్నవాళ్లు మాత్రం తుపాకీ ఒక లాకర్‌లో, తూటాలు ఇంకో లాకర్‌లో పెట్టి తాళం వేయండి. ఆ లాకర్ ఖర్చు కూడా మొదటి రోజు బిల్లులోనే వేసుకోండి.

గమనిక: ఇందులో చెప్పిన తూటాల రేట్లు లెక్క కోసం తీసుకున్న సుమారు అంకెలు. ఊరిని బట్టి, షాపుని బట్టి మారుతుంటాయి. తుపాకీ చట్టాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. కొనే ముందు మీ రాష్ట్ర నిబంధనలు చూసుకుని, వీసా విషయంలో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని సంప్రదించండి.